విరాసత్ చేయించుకోని క్లాసులు

ఓఓపీలో ఇన్హెరిటెన్స్ టాపిక్ రాగానే అందరికీ ఒకే ఉదాహరణ చెప్తారు. తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు, పేరెంట్ క్లాసులో ఉన్నవన్నీ చైల్డ్ క్లాసుకి వస్తాయి అని. టెక్స్ట్‌బుక్కులో అదే, యూట్యూబ్‌లో అదే, వైవాలో మనం అప్పజెప్పేదీ అదే.

నాకు ఆ ఉదాహరణతో ఒక పేచీ ఉంది. అది తప్పేం కాదు గానీ సగంలో ఆగిపోతుంది. అది ఆగిపోయిన చోటే పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ని పిలిచే లైన్ ఉంది. ఆ లైన్ ఎందుకు రాయాలి అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది ‘రూల్ అది’ అంటాం. ఇంకొంచెం హుషారుగా ఉన్నవాళ్ళు ‘ముందు పెద్దలకు దండం పెట్టాలి కదా’ అని జోకేస్తారు. రెండూ జవాబులు కావు.

అసలు జవాబు కోసం ఆ ఆస్తి ఉదాహరణనే చివరిదాకా తీసుకుపోదాం. మాది బల్మూర్. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట దగ్గర. మా దిక్కు ఆస్తి అంటే పొలమే. పొలం తండ్రి నుంచి పిల్లలకి ఎట్లా వస్తుందో చూస్తే, సూపర్ అనే ఆ ఒక్క లైన్ ఏం చేస్తుందో స్లైడ్లు లేకుండానే అర్థమవుతుంది.

హక్కు వేరు, రికార్డు వేరు

మా దగ్గర ఇంటి పెద్ద పోయి, దినవారాలు అయిపోయినాక చుట్టాలు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. ‘విరాసత్ చేయించుకున్నరా?’

విరాసత్ అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పించుకోవడం. మన వారసత్వం అనే మాట కూడా ఆ ఇంటిదే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘వారిస్’ మనకి వారసుడు అయ్యాడు, దానికి సంస్కృతం నుంచి ‘త్వం’ తగిలించుకుని వారసత్వం చేసుకున్నాం. సాహిత్య క్లబ్బు వాళ్ళకి ఇది సరదా విషయం. మిగతావాళ్ళకి పనికొచ్చే విషయం ఏందంటే, ఊళ్ళల్లో ఆ రెండు మాటలూ ఒకటి కావు. వారసత్వం దానంతటదే వస్తుంది. విరాసత్ మాత్రం చేయించుకోవాలి.

తండ్రి చనిపోయిన రోజే చట్టం ప్రకారం పిల్లలకి, భార్యకి హక్కు వచ్చేస్తుంది. కానీ రికార్డుల్లో పేరు మాత్రం ఆయనదే ఉంటుంది. అది మారాలంటే ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువీకరణ పత్రం, పాత పాస్‌బుక్, వారసులు ఎవరెవరో తేల్చే కాగితం, వాళ్ళ ఒప్పందం, ఇవన్నీ కావాలి. ఒకప్పుడు ఇదంతా పహాణీ కాగితాల మీద నడిచేది, ఆంధ్రా ఫ్రెండ్స్‌కి అడంగల్ అంటే వెంటనే తెలుస్తుంది. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టాలు మారినయ్, స్క్రీన్లు మారినయ్. అడగకుండా పేరు మారడం అనేది మాత్రం ఎప్పుడూ లేదు.

ఇప్పుడు దీన్ని క్లాసుల్లోకి తెద్దాం. పేరెంట్ క్లాసు నుంచి చైల్డ్‌కి మెథడ్లు వస్తాయి. దున్నడం, విత్తడం లాంటి పనులన్నమాట. జావా, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో పేరెంట్ ఫీల్డ్‌లకి ఆబ్జెక్ట్‌లో చోటు కూడా వస్తుంది. రానిది ఒక్కటే, ఆ ఫీల్డ్‌లలో సరైన విలువలు. వాటిని నింపే పని పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ది. ఆ కన్‌స్ట్రక్టర్ వారసత్వంగా రాదు. ఇది నా అభిప్రాయం కాదు, జావా భాష స్పెసిఫికేషన్‌లోనే ఉంది: కన్‌స్ట్రక్టర్లు క్లాసు సభ్యుల లెక్కలోకి రావు, అవి ఎప్పుడూ ఇన్హెరిట్ కావు.

అంటే ‘అన్నీ వస్తాయి’ అని మనం అప్పజెప్పే వాక్యం మొదటి మెట్టు మీదే తప్పిపోతుంది. ఆస్తి వస్తుంది, ఆస్తిని రాసిచ్చే సంతకం రాదు.

ఎర్రర్ వేరే చోట తేలుతుంది

పైథాన్‌లో దీన్ని చూడటం తేలిక. ఈ పత్రిక కోసం కోడ్ మొత్తం మన అక్షరాల్లోనే రాస్తున్నా. నిజానికి పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటుంది. కీవర్డ్‌లు మాత్రం ఇంగ్లీషులో ఉండాల్సిందే.

క్లాస్ పట్టాదారు:
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, సర్వే, ఎకరాలు):
        సెల్ఫ్.సర్వే = సర్వే
        సెల్ఫ్.ఎకరాలు = ఎకరాలు

క్లాస్ వారసుడు(పట్టాదారు):
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, పేరు, సర్వే, ఎకరాలు):
        సెల్ఫ్.పేరు = పేరు

ఈ ప్రోగ్రామ్ రన్ అవుతుంది. వారసుడు ఆబ్జెక్ట్ తయారవుతుంది. పేరు అడిగితే చెప్తాడు. సర్వే నంబర్, ఎకరాలు చేతికిచ్చినా వాటిని ఎక్కడా నమోదు చేయలేదు, అయినా ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడో, ఇంకో ఫైల్‌లో, ఇంకెవరో రాసిన ఫంక్షన్ వచ్చి ‘నీకెన్ని ఎకరాలు?’ అని అడిగినప్పుడు ఎట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ చూపించే లైన్ ఆ ఫంక్షన్‌ది. తప్పు జరిగిన చోటు ఇక్కడ, రాయకుండా వదిలేసిన ఒక లైన్‌లో. చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో మొదట ఇది రాసి ఉంటే సరిపోయేది:

        సూపర్().__ఇనిట్__(సర్వే, ఎకరాలు)

ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. వారసుడు క్లాసులో అసలు ఇనిట్ రాయకపోతే, పైథాన్ పైకి వెళ్ళి పట్టాదారు ఇనిట్‌నే వాడుకుంటుంది, అంతా బాగానే ఉంటుంది. మనం సొంతంగా ఒక ఇనిట్ రాసిన క్షణం నుంచి పైదానిని పిలిచే బాధ్యత మనదే. అందుకే నిన్నటిదాకా నడిచిన క్లాసు, ఒక్క కొత్త ఫీల్డ్ కోసం ఇనిట్ రాయగానే ఆగిపోతుంది. ప్రాజెక్టు రివ్యూకి ముందు రాత్రి ‘నేనేం మార్చలేదు, ఒక్క ఫీల్డ్ కలిపిన అంతే’ అనే మాట హాస్టల్లో వినిపిస్తే, ముందు చూడాల్సింది ఇక్కడే.

పొలం సంగతిలోనూ దెబ్బ ఇట్లాగే తగులుతుంది. తండ్రి పోయినా కొడుకు పొలం దున్నుకుంటూనే ఉంటాడు. పత్తి వేస్తాడు, అమ్ముతాడు. ఊళ్ళో ఎవరూ అడ్డం చెప్పరు, ఆ పొలం వాళ్ళదే అని అందరికీ తెలుసు కాబట్టి. ప్రోగ్రామ్ రన్ అవుతున్నట్టే లెక్క. కానీ రైతుబీమా ఉంది చూడండి. 2018 ఆగస్టులో మొదలైంది. తన పేరు మీద పట్టాదారు పాస్‌బుక్ ఉండి, 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. విరాసత్ చేయించుకోని కొడుకు పేరు ఆ జాబితాలోకి ఎక్కదు. ఏళ్ళ తరబడి సేద్యం చేసినా సరే. అతనికి ఏదైనా అయితే ఆ ఇల్లాలికి తెలిసేది అప్పుడే. కాగితం ఆగిపోయింది మామ చనిపోయినప్పుడు. దెబ్బ తగిలింది భర్త పోయినప్పుడు.

ఒక వారసుడు క్లాసు ఎర్రర్ ఇస్తే మనం రెండు మార్కులు పోగొట్టుకుంటాం. ఈ రెండో దాంట్లో పోయేది ఒక ఇంటి ఆధారం. పోలిక చెప్పడం కోసమని దీన్ని తేలిక చేయట్లేదు. ఒక వ్యవస్థ ‘పైదాకా నమోదైందా?’ అని మొదట్లోనే అడగకపోతే దాని ఖరీదు ఎవరి మీద పడుతుందో గుర్తు చేస్తున్నా.

కౌంటర్ దగ్గరే ఆపేసే భాషలు

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తా. మర్చిపోయిన సూపర్‌ని భాష మొదట్లోనే పట్టుకోవాలి. ఈ విషయంలో నేను జావా పక్షం.

జావాలో పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ని మీరు పిలవకపోతే కంపైలరే ఆర్గ్యుమెంట్లు లేని సూపర్ కాల్‌ని పెట్టేస్తుంది. పేరెంట్‌కి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ లేకపోతే కంపైలే కానివ్వదు. మరణ పత్రం లేకుండా ఫారం ఇస్తే కౌంటర్ దగ్గరే వెనక్కి ఇచ్చినట్టు. ఆ క్షణానికి చిరాకు వస్తుంది. కానీ ఏం తక్కువైందో, ఎక్కడ తక్కువైందో అక్కడికక్కడే తెలుస్తుంది. జావా నేర్చుకునే మొదటి నెలలో మనం తిట్టుకునే ఆ ఎర్రర్, మనకి జరిగే మేలు.

కోట్లిన్ ఇంకా శుభ్రంగా చేసింది. క్లాసు పేరు రాసే వరుసలోనే, కోలన్ పెట్టి, పేరెంట్‌ని ఏ ఆర్గ్యుమెంట్లతో పిలుస్తున్నామో రాయాలి. మర్చిపోవడానికి అవకాశమే తక్కువ. జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి క్లాసులు ఉన్నాయి. చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ పిలవకుండా ‘దిస్’ని ముట్టుకుంటే రిఫరెన్స్ ఎర్రర్. రన్ టైమ్‌లోనే వస్తుంది గానీ, తప్పు జరిగిన చోటే వస్తుంది.

పైథాన్ మాత్రం మనల్ని నమ్ముతుంది. పెద్దవాళ్ళు మీరు, మీకు తెలుసు అంటుంది. అది దాని స్వభావం, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ నమ్మకంతో దెబ్బతిన్న లైబ్రరీలు సొంతంగా కాపలా పెట్టుకున్నాయి. మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసేవాళ్ళు పైటార్చ్‌లో ఎన్‌ఎన్ మాడ్యూల్‌ని ఇన్హెరిట్ చేసి, సూపర్ పిలవకుండా ఒక లేయర్ పెట్టి చూడండి. మాడ్యూల్ ఇనిట్ కాల్ కాకముందే దేన్నీ పెట్టలేవు అని మొహం మీదే చెప్తుంది. థ్రెడ్ క్లాసుని ఇన్హెరిట్ చేసి సూపర్ మర్చిపోతే, స్టార్ట్ చేయగానే థ్రెడ్ ఇనిట్ పిలవలేదు అని ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఆన్‌క్రియేట్ అనేది కన్‌స్ట్రక్టర్ కాదు, కానీ అక్కడా అదే కథ. సూపర్ ఆన్‌క్రియేట్ పిలవకపోతే యాప్ క్రాష్ అవుతుంది, కారణం ఎర్రర్ పేరులోనే రాసి ఉంటుంది. భాష అడగకపోతే ఇంకెవరో అడగాల్సి వచ్చిందన్నమాట. మన సొంత క్లాసులకి అట్లాంటి కాపలా ఎవరూ పెట్టరు. పైలింట్ లాంటి టూల్ పెట్టుకుంటే సూపర్ ఇనిట్ పిలవలేదని హెచ్చరిస్తుంది. ఉచితం, ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది.

పెద్దలకు దండం కథ

ఇప్పుడు ఆ జోక్ సంగతి. పేరెంట్ ముందు, చైల్డ్ తర్వాత అనేది మర్యాద కోసం పెట్టిన నియమం అయితే, అన్ని భాషల్లోనూ అట్లాగే ఉండాలి. లేదు.

స్విఫ్ట్ చూడండి, ఐఫోన్ యాప్‌లు రాసే భాష. అక్కడ చైల్డ్ ముందు తన సొంత ప్రాపర్టీలన్నీ నింపుకోవాలి, ఆ తర్వాతే పేరెంట్ ఇనిట్‌ని పిలవాలి. మన దగ్గర నేర్పే వరుసకి పూర్తిగా తలకిందులు. జావా కూడా కదిలింది. సూపర్ కాల్ మొదటి స్టేట్‌మెంట్‌గానే ఉండాలి అని చిన్నప్పటి ఎక్కంలా మనం బట్టీ పట్టిన రూల్, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో సడలిపోయింది. ఇప్పుడు సూపర్‌కి ముందు ఆర్గ్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెక్ చేసుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు, సొంత ఫీల్డ్‌లకి విలువలు ఇచ్చుకోవచ్చు. కట్టడం పూర్తికాని ఆబ్జెక్ట్‌ని వాడటం మాత్రం కుదరదు. పరీక్షలో మీ సిలబస్‌లో ఉన్న రూలే రాయండి, గొడవొద్దు. ఉద్యోగంలో చేరేటప్పటికి ఇది మారి ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

అంటే వరుస ముఖ్యం కాదు. ముఖ్యమైంది ఏందంటే, సగం కట్టిన ఆబ్జెక్ట్ ఎవరి చేతికీ పోకూడదు. అన్ని భాషలూ కాపాడుతున్నది దాన్నే, ఎవరి పద్ధతిలో వాళ్ళు. స్లాబు ఆరకముందే పై అంతస్తులోకి కిరాయిదారుని దింపకూడదు, అంతే.

దింపితే ఏమవుతుందో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. జావాలో పేరెంట్ కన్‌స్ట్రక్టర్ లోపలి నుంచి ‘చూపించు’ అనే మెథడ్‌ని పిలవండి. చైల్డ్‌లో దాన్ని ఓవర్‌రైడ్ చేసి, చైల్డ్ ఫీల్డ్ ఒకటి ప్రింట్ చేయించండి. ఆ ఫీల్డ్‌కి విలువ చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో, సూపర్ తర్వాత ఇవ్వండి. రన్ చేస్తే నల్ వస్తుంది. ఎందుకంటే చైల్డ్ మెథడ్ నడిచింది గానీ చైల్డ్ ఇంకా పుట్టలేదు. అదే ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే పేరెంట్ మెథడే నడుస్తుంది. కన్‌స్ట్రక్షన్ జరుగుతున్నంతసేపు ఆ ఆబ్జెక్ట్‌ని అది పేరెంట్‌గానే చూస్తుంది. కూల్చేటప్పుడు అదే వరుస తిరగబడుతుంది, ముందు చైల్డ్ డిస్ట్రక్టర్, తర్వాత పేరెంట్‌ది. ఈ ఒక్క ప్రయోగం చేస్తే పది స్లైడ్లు అవసరం లేదు.

చరిత్రలోకి పోతే ఇంకా ఆసక్తికరం. క్లాసు, సబ్‌క్లాసు అనే ఆలోచన మొదట వచ్చింది సిములా 67లో. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు చేశారు, 2001కి ట్యూరింగ్ అవార్డు వాళ్ళకే ఇచ్చారు. సిములాలో చైల్డ్ పేరెంట్‌ని పిలవాల్సిన పనే లేదు. ఆబ్జెక్ట్ పుట్టగానే పేరెంట్ క్లాసు కోడ్ దానంతటదే నడిచేది. అందులో ‘ఇన్నర్’ అనే మాట రాసిన చోట ఆగి, పిల్లవాడి కోడ్‌ని నడవనిచ్చి, మళ్ళీ తన మిగతా పని చేసుకునేది. పిలిచే పని పేరెంట్ చేతిలో ఉండేది. తర్వాతి భాషలు ఆ పనిని చైల్డ్ చేతికి ఇచ్చాయి. స్వేచ్ఛ పెరిగింది, దాంతో పాటు మర్చిపోయే అవకాశం కూడా.

పైదాకా గొలుసు

పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ని పిలిస్తే అక్కడితో ఆగదు. అది దాని పేరెంట్‌ని పిలుస్తుంది, అది ఇంకా పైదాన్ని. జావాలో ఈ గొలుసు ఆబ్జెక్ట్ అనే మూల క్లాసు దాకా పోయి, అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు కట్టుకుంటూ కిందికి వస్తుంది.

తెలంగాణలో భూమి తగాదా పడితే ఇదే జరుగుతుంది. ఇప్పటి పాస్‌బుక్ ఒక్కటి చూపిస్తే చాలదు. దానికి ముందు పహాణీ, ఆ ముందుది, అట్లా వెనక్కి పోతూ 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా చూస్తారు. మధ్యలో ఒక మెట్టు విరిగితే కింద ఉన్నవాడి హక్కు ఊగిసలాడుతుంది. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాల కష్టం అదే. కొన్నవాడు డబ్బులిచ్చాడు, దున్నుతున్నాడు, ఊరంతా సాక్షి. గొలుసులో మాత్రం అతని కడియం లేదు.

మా ఊరి చిరునామా కూడా ఒక గొలుసే. 2016 అక్టోబర్ 11 దాకా బల్మూర్ మండలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. అంతకు రెండేళ్ళ ముందే, 2014 జూన్ 2న, రాష్ట్రమే మారింది. కొత్త రాష్ట్రం పుట్టిన రోజు పొద్దున చట్టాలన్నీ ఖాళీ అయిపోలేదు. పునర్విభజన చట్టంలోనే రాసి పెట్టారు, అప్పటిదాకా అమల్లో ఉన్న చట్టాలు కొనసాగుతాయి, అవసరమైన మార్పులు తర్వాత చేసుకోవచ్చు అని. ముందు సూపర్ కాల్, తర్వాత ఓవర్‌రైడ్. పంచాయతీరాజ్ చట్టం చూడండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టంతోనే నడిచి, 2018లో తెలంగాణ సొంత చట్టం తెచ్చుకుంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం అయితే హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని మూడు రాష్ట్రాల పేర్లు మారుతూ వచ్చింది. సూపర్ పిలవడం అంటే పాతదానికి లొంగిపోవడం అనుకునేవాళ్ళకి ఇది నా జవాబు. పైనుంచి రావాల్సింది సరిగ్గా నమోదు చేసుకున్నవాళ్ళే దాన్ని ధైర్యంగా మార్చుకోగలరు.

చెల్లెని దాటిపోయే కోడ్

చివరిగా, నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి. ఒక క్లాసుకి ఇద్దరు పేరెంట్లు ఉన్నప్పుడు పైథాన్‌లో సూపర్ అంటే ‘నా పేరెంట్’ అని అర్థం కాదు. ‘వరుసలో నా తర్వాత ఉన్నవాళ్ళు’ అని అర్థం. ఆ వరుసని ఎంఆర్‌ఓ అంటారు, పైథాన్ 2.3 నుంచి సీ3 అనే పద్ధతిలో లెక్కిస్తుంది. మా ఊళ్ళో ఎంఆర్‌ఓ అంటే తహసీల్దార్. ఈ పోలిక నేను కల్పించింది కాదు, దొరికింది.

కుటుంబం అని ఒక క్లాసు. దాని నుంచి అన్న, చెల్లె అని రెండు. ఆ రెండింటి నుంచి ఇల్లు అని ఒకటి. ఇల్లు ఆబ్జెక్ట్ చేస్తే వరుస ఇట్లా ఉంటుంది: ఇల్లు, అన్న, చెల్లె, కుటుంబం. అన్న క్లాసులో సూపర్ అని పిలిస్తే అది నేరుగా కుటుంబానికి పోదు, చెల్లె దగ్గరికి పోతుంది. చెల్లె పని అయ్యాక కుటుంబం. అన్న సూపర్ పిలవకపోతే చెల్లె కన్‌స్ట్రక్టర్ నడవదు, కుటుంబానిదీ నడవదు. అన్న తెలివిగా ‘నా పేరెంట్ కుటుంబమే కదా’ అని సూపర్ బదులు కుటుంబం పేరు రాసి నేరుగా పిలిచాడనుకోండి. కుటుంబం నడుస్తుంది. అన్నకి రావాల్సినవన్నీ వస్తాయి. చెల్లె మాత్రం మిగిలిపోతుంది. ఎర్రర్ రాదు. అన్న ఫీల్డ్‌లు ప్రింట్ చేసి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి అది వర్తించలేదు. దేశం మొత్తానికి అట్లాంటి హక్కు 2005లో వచ్చింది. అంటే చట్టం రాసిన వరుసలో చెల్లె ఉంది, మనం పుట్టకముందు నుంచీ ఉంది. అయినా ‘కట్నం ఇచ్చినం కదా’, ‘పుట్టింటితోని గొడవెందుకు’ అనే మాటలతో ఆమెతో వాటా వద్దని సంతకం పెట్టించే ఇళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు. తండ్రి పేరు చెప్పి నేరుగా పోయి పని ముగించుకునే అన్న కోడ్ అది. ఎర్రర్ రాని కోడ్.

ప్రోగ్రామింగ్ వ్యాసంలో ఇది ఎందుకు అంటారేమో. ఇన్హెరిటెన్స్ అనే పదం మన సబ్జెక్టులోకి ఇట్లాంటి ఇళ్ళ నుంచే వచ్చింది కాబట్టి. ‘తండ్రి ఆస్తి కొడుక్కి’ అనే ఆ ఒక్క వాక్యంలోనే కూతురు లేదు, గమనించారా? ఏటా వందలమందికి ఆ ఉదాహరణ చెప్తున్నాం. ‘పిల్లలకి’ అంటే సరిపోతుంది. అక్షరాల లెక్కలో పెద్ద ఖర్చేం కాదు.

‘అసలు ఇన్హెరిటెన్సే వద్దు’ అనేవాళ్ళకి

కొందరు సీనియర్లు అంటారు, ఈ తలనొప్పంతా ఎందుకు, కంపోజిషన్ వాడు, గో, రస్ట్ లాంటి భాషల్లో క్లాస్ ఇన్హెరిటెన్సే లేదు కదా అని. సగం ఒప్పుకుంటా. ఫీల్డ్‌ల కోసం మాత్రమే ఇన్హెరిట్ చేసే అలవాటు మంచిది కాదు. కానీ మనం ఇన్హెరిటెన్స్‌ని వదిలినా అది మనల్ని వదలదు. పైటార్చ్ మాడ్యూల్, ఆండ్రాయిడ్ యాక్టివిటీ, మనం రాసే సొంత ఎక్సెప్షన్ క్లాసు, అన్నీ ఎవరో ఒకరి చైల్డ్‌లే. వేరే వాళ్ళు కట్టిన ఇంటి మీద అంతస్తు వేయక తప్పనప్పుడు, కింది అంతస్తు ఎట్లా కట్టారో తెలుసుకోవాల్సిందే.

ఇంకొందరు అంటారు, ఐడీఈలో ఒక బటన్ నొక్కితే సూపర్ లైన్ అదే వస్తుంది, ఏఐ అసిస్టెంట్ రాసి పెడుతుంది అని. రాస్తుంది. ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలో, ఎందుకు ఇవ్వాలో మాత్రం మీరే చూసుకోవాలి. విరాసత్ ఫారం మీసేవలో ఎవరైనా నింపి పెడతారు. వారసులు ఎవరెవరో మాత్రం ఇంటివాళ్ళే చెప్పాలి.

కాబట్టి జూనియర్లకి ఈ టాపిక్ చెప్పేటప్పుడు మూడు పనులు చేయమని అడుగుతున్నా. ఒకటి, ‘అన్నీ వస్తాయి’ అని ఆపకుండా ‘కన్‌స్ట్రక్టర్ రాదు, పిలవాలి’ అనే వాక్యం కూడా చెప్పండి. రెండు, సూపర్ లైన్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రన్ చేసి చూపించండి, జావాలోనూ పైథాన్‌లోనూ. రెండు భాషల స్వభావం వాళ్ళకే తెలిసిపోతుంది. మూడు, ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్నా సరే, ఒక్కసారి తెలుగులో చెప్పి చూడండి. నేనూ ఇంగ్లీష్ మీడియమే. ఇన్హెరిటెన్స్ అనే మాట నాకు క్లాసులో నేర్పారు. విరాసత్ మాత్రం ఊళ్ళో వింటూ పెరిగా. సూపర్ ఏం చేస్తుందో అర్థమైంది ఆ రెండో మాటతోనే.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఇంకో పని కూడా చేయండి. మీ ఇంట్లో పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందో, ఆ పేరున్న మనిషి ఇప్పుడు ఉన్నారో లేదో చూడండి. లేకపోతే, దరఖాస్తు పెట్టేటప్పుడు వారసుల జాబితాలో అక్కాచెల్లెళ్ళ పేర్లు కూడా ఉన్నాయో లేదో చూడండి.